గుంత మీది కాలు

ఎనిమిదేళ్లుగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. టేకు దుంగ చుట్టూ ఒకసారి తిరిగితే దాని బరువెంతో చెప్పగలను. తూకం వేసి చూసినా పెద్దగా తేడా రాదు. అదే నా వృత్తి. ఈ అబద్ధం బరువెంతో మాత్రం ఇప్పటికీ తేల్చుకోలేకపోయాను. కొన్నాళ్లు ఏమీ ఉండదు. చర్చిలో అందరితో కలిసి పాడతాను, అన్నం తింటాను, దుంగలు కొలుస్తాను. ఉన్నట్టుండి వాన పడుతుంది. వాన పడగానే ఒక నల్లబండ మీది గుంతలు నిండుతుంటాయని గుర్తొస్తుంది. ఇక ఆ పూట కొలిచిన దుంగనే మళ్లీ మళ్లీ కొలుస్తాను.

ఇదంతా మీకెందుకు చెబుతున్నానని అడగొచ్చు. మా చర్చిలో పాదిరి చెవిలో తప్పు చెప్పుకునే పద్ధతి లేదు. నేరుగా దేవుడితోనే చెప్పుకోవాలి. చెప్పుకున్నాను. కానీ ఆయనకు ముందే తెలుసు కదా. తెలిసినవాడికే మళ్లీ చెబితే బరువెలా దిగుతుంది? తెలియనివాళ్లకు చెప్పాలి. అందుకే మీకు. నా పేరు రాయను. మా కార్ఖానా పేటలో ఉండేవాళ్లు ఎలాగూ పోల్చుకుంటారు. పోల్చుకుంటే పోల్చుకోనీ అనేంత ధైర్యం ఇంకా రాలేదు. రాయకుండా ఉండలేనంత భయం మాత్రం వచ్చింది.

నేను నాలుగో తరగతి దాటలేదు. లెక్కలు సొంతంగా నేర్చుకున్నాను. కలప అడితిలో దుంగలు కొలుస్తూ గుణకారాలు, పాత బావుల్లో రాయి వేసి చప్పుడు వినేదాకా ఆగి లోతులు, నీడ కొలిచి చెట్ల ఎత్తులు. సికింద్రాబాదులో ఈ మూల నన్ను హిసాబ్ సాబ్ అంటారు. గుమ్మడికాయ తెచ్చి లోపల గింజలెన్నో చెప్పమన్నవాళ్లూ ఉన్నారు. చెప్పాను. కోసి లెక్కపెట్టే ఓపిక వాళ్లకు లేదు కాబట్టి నా పేరు నిలబడింది. ఇప్పుడు ఆలోచిస్తే నా పతనం ఆ గుమ్మడికాయ దగ్గరే మొదలైందేమో.

మా అడితి వెనక పెద్ద నల్లబండ ఒకటుంది. పైన చదునుగా, పరుపు పరిచినట్టు ఉంటుంది. దాని మీద వరసలు వరసలుగా గుంతలు. ఒక్కొక్కటి పిడికిలి పట్టేంత. అన్నీ ఒకవైపుకు వాలి ఉంటాయి. ఆ గుంతలను తొలిచింది ఎవరో నాకు తెలుసు. ఈ సంగతి ముందే చెప్పేస్తున్నాను. లేకపోతే మీరు కూడా చివరిదాకా అదేదో ప్రాచీన రహస్యమని ఎదురుచూస్తారు. ఉలి పట్టింది మస్తాను. కొలత పట్టింది నేను.

మొదటి యుద్ధం రోజులవి. కంటోన్మెంటులోకి కొత్త పటాలం దిగింది. డేరాలు వేయడానికి ఖాళీ స్థలం చాలక మిగిలినవాళ్లను ఈ బండ మీదికి తోలారు. బండలో మేకు దిగదు కదా. రాళ్లు కొట్టే మేస్త్రీకి పని అప్పగించారు, మేకులు పట్టేలా గుంతలు తొలవమని. ఆ మేస్త్రీ కొడుకే మస్తాను. మాకిద్దరికీ అప్పుడప్పుడే మీసం మొలుస్తోంది. నాకు అంకెలు వచ్చని నన్ను కొలతకు పెట్టుకున్నారు. ముడులు వేసిన జనపనార తాడు నా చేతికిచ్చారు. ముడి పడిన చోటల్లా నేను సుద్దతో గీత గీస్తే, మస్తాను అక్కడ ఉలి పెట్టేవాడు. మేకు నిలువుగా ఉంటే డేరా తాడు లాగినప్పుడు ఊడొస్తుంది, అందుకని గుంతలు వాలుగా తొలిచాడు. ఇందులో రహస్యం ఇంతే.

చివరి వరస కొలిచే ముందు వాన పడింది. తాడు తడిసింది. తడిసిన తాడు బిగిసి పొట్టిదవుతుందని నాకు అప్పటికి తెలియదు. లెక్క వచ్చుగానీ తాడు సంగతి రాదు. పొట్టి తాడుతోనే కొలిచాను. ఒక్కో ముడికి కొంచెం కొంచెం తగ్గి, వరస చివరి గుంత దగ్గరికి వచ్చేసరికి జానెడు లోపలికి పడింది. డేరా వేస్తే ఆ మూల కుక్క చెవిలా వేలాడింది. తెల్ల సార్జంటు నన్ను ఇంగ్లీషులో తిట్టాడు. నాకు ఇంగ్లీషు రాకపోయినా అర్థమైంది. తాడు వంకరగా లాగడంతో ఆ గుంతలో మేకు ఇరుక్కుపోయింది. పటాలం కదిలేరోజు ఎంత పీకినా రాలేదు. చివరికి సార్జంటు విసుగెత్తి దాని తల వంచి సమ్మెటతో లోపలికి దిగగొట్టించాడు. పటాలం నంబరు ముద్ర ఉన్న ఇనప మేకు అది. మీద మట్టి పేరుకుంది. అందరూ మరిచిపోయారు. నేనూ మస్తానూ తప్ప.

తరవాత మస్తాను వాళ్ల నాన్న ఆ బండ అంచునే రెండు గదుల ఇల్లు వేసుకున్నాడు. చివరి వరసలో సగం గుంతలు ఇంటి కిందికే పోయాయి. ఇరుక్కున్న మేకు గుంత మాత్రం వాకిట్లో మిగిలింది. మస్తాను పెళ్లీ అక్కడే, పిల్లలూ అక్కడే. నేను సాయంత్రం అడితి తాళం వేశాక వాళ్ల గడపలో కూర్చుని చాయ్ తాగేవాణ్ణి. ఆ వంకర గుంత చూపించి మస్తాను ఎన్నిసార్లు నవ్వాడో లెక్కలేదు. నేను లెక్కపెట్టని విషయాల్లో అదొకటి.

ఇలా ముప్పై ఏళ్లు గడిచాక దేశంలో అందరికీ ఒక్కసారిగా పూర్వీకులు గుర్తొచ్చారు.

పోలీసు చర్యకు ముందటి సంవత్సరం అది. ఖాకీ బట్టలు తొడుక్కున్న వాలంటీర్లు వీధుల్లో కవాతు చేసేవారు. మా పేటలో వాళ్ల నాయకుడు ఒక వకీలు. నడుముకు కత్తి కట్టుకునేవాడు. అది ఒరలో తుప్పు పట్టి బయటికి వచ్చేది కాదు. అయినా నాకు ఆయనంటే భయమే. కత్తి రాకపోయినా వెనకున్నవాళ్ల చేతుల్లో కర్రలుండేవి. ఒకరోజు ఆయన బండ ఎక్కి గుంతలు చూసి, ఇవి డేరాల గుంతలని తేల్చేశాడు. చూడగానే కనిపెట్టేశాడు మనిషి! ఆ తరవాత మాట చెప్పాడు. ఎప్పుడో పూర్వకాలంలో తమ వంశపు మహాసైన్యం ఇక్కడ విడిది చేసిందట, చరిత్ర మరిచిపోయిన సైన్యమట, కాబట్టి ఈ నేల మొదటినుంచీ తమదేనట. డేరాలన్నది నిజం. సైన్యమన్నది నిజం. సైన్యం ఎవరిదన్నదీ, ఎప్పటిదన్నదీ మాత్రమే తప్పు.

కాలం ఎంతో లెక్క కట్టమని నన్ను పిలిపించాడు. నేనే ఎందుకంటే, నేను క్రైస్తవుణ్ణి. ఇటూ కాదు, అటూ కాదు. "నీకు తరఫ్‌దారీ ఉండదు, హిసాబ్ సాబ్" అన్నాడు. ఆయన కళ్లలో వెయ్యి పైచిలుకు కావాలన్న కోరిక స్పష్టంగా కనబడుతోంది. నేను బండ మీద సుద్దతో లెక్క రాశాను. గుంత అంచు వానకు అరిగి గుండ్రబడింది. ఏడాదికి వెంట్రుకలో ఇన్నో వంతు అరుగుతుందనుకుంటే, ఇంత అరగడానికి ఎన్నేళ్లు? చూసేవాళ్లకు శాస్త్రంలా ఉంది. నిజం చెబుతాను. జవాబు ముందే అనుకున్నాను, లెక్క కింద నుంచి పైకి కట్టుకుంటూ పోయాను. పన్నెండు వందల యాభై ఏళ్లు. వకీలు నన్ను కౌగిలించుకున్నాడు. కత్తి పిడి నా పొట్టలో గుచ్చుకుంది.

ఆయన ఒక గుంతలో జెండా పాతించాడు. గుంత వాలుగా ఉంది కాబట్టి జెండా వెంటనే పక్కకు ఒరిగింది. నిటారుగా ఉండే జెండా అహంకారమనీ, తమ పూర్వీకులు వినయవంతులనీ ఆయన అక్కడికక్కడే వివరించాడు. మస్తాను తన గడపలో నిలబడి తువ్వాలు నోట్లో కుక్కుకున్నాడు. ఆ వాలంటీర్లలో చేరమని ఆయన మస్తానును ఎన్నోసార్లు అడిగాడు. "నాకు ఉలి పట్టుకుంటేనే చెయ్యి నొస్తది సాబ్, కత్తి యాడ పట్టుకుంట" అని మస్తాను తప్పించుకున్నాడు. ఆ సాయంత్రం చాయ్ తాగుతూ ఇద్దరం కడుపుబ్బ నవ్వాం. ఎవరికీ నష్టం లేని అబద్ధమనుకున్నాను. అలాంటిది ఉంటుందా? ఇప్పుడు అడుగుతున్నాను. అప్పుడు అడగలేదు.

తరవాత భారత సైన్యం వచ్చింది. వకీలు బట్టలు మార్చి ఎటో వెళ్లిపోయాడు. కర్రలు చేతులు మారాయి. ఆ రోజుల గురించి ఎక్కువ రాయలేను. నవ్వే విషయాలు కావవి. ఒక్కటి మాత్రం చెప్పాలి. మస్తానునూ, అతని భార్యాపిల్లలనూ మా అడితిలో టేకు దుంగల వెనక దాచాను. వెతుక్కుంటూ వచ్చినవాళ్లకు కొలబద్ద చేత్తో పట్టుకుని గేటులో అడ్డంగా నిలబడి, లోపల దుంగలు తప్ప ఏం లేవని చెప్పాను. అది కూడా అబద్ధమే. దానికి నాకు సిగ్గు లేదు. కర్రలకు ఎదురుగా నిలబడగలిగినవాణ్ణి, మరుసటి నెలలో పూలదండ ముందు ఎందుకు నిలబడలేకపోయాను? ఎనిమిదేళ్లుగా ఈ లెక్క తేలడం లేదు.

పూలదండ తెచ్చింది డ్రిల్లు మాస్టారు. ఒక బడిలో పిల్లలతో కసరత్తు చేయించే ఆయనకు అప్పుడే చరిత్ర పట్టుకుంది. మెడలో ఈల వేలాడుతుండేది. ఉపన్యాసం మొదలెట్టే ముందు ఈల వేసేవారు, ముగించాక వేసేవారు, మధ్యలో చప్పట్లు కావాలన్నా వేసేవారు. ఆయన చుట్టూ ఒక సంఘం చేరింది. వకీలు పాతిన జెండా పీకేసి, ఆ గుంతలు యజ్ఞశాల స్తంభాలవని చెప్పారు. గుంతలు వాలుగా ఎందుకున్నాయంటే ధ్రువనక్షత్రం వైపు చూస్తున్నాయట. ఇక చివరి వరస. అది జానెడు లోపలికి ఎందుకు జరిగిందంటే, వేల ఏళ్ల కిందట ఆకాశంలో ఆ నక్షత్రం జానెడు ఇవతల ఉండేదట. ఆ మాట విన్నప్పుడు నా ఒళ్లు పులకరించిందని ఒప్పుకుంటున్నాను. జీవితంలో నేను చేసిన మొదటి తప్పు లెక్క ఖగోళశాస్త్రమైపోయింది. సార్జంటు వింటే ఏమనేవాడో!

డ్రిల్లు మాస్టారు మా అడితికి వచ్చి కుర్చీలో కూర్చున్నారు.

"ఆ వకీలుకు లెక్క కట్టి ఇచ్చింది మీరేనటగా" అన్నారు.

కొలబద్ద కింద పెట్టేశాను. ఆ రోజుల్లో అలాంటి మాట ఒక్కటి చాలు.

"భయపడకండి. తప్పు దిద్దుకునే అవకాశం ఇస్తున్నాం. పదివేలు వెయ్యండి."

"పదివేలు వెయ్యలేనండీ. మా పాదిరి చెప్పే లెక్కలో అప్పటికింకా భూమి పుట్టలేదు."

"పోనీ, ఎనిమిది?"

"ఎనిమిదికీ పుట్టలేదండీ."

"మరి ఎంతకు పుడుతుందండీ మీ భూమి?"

"అయిదు వేలైతే ఇబ్బంది లేదు. కాకపోతే జలప్రళయం దగ్గర్లో పడుతుంది. గుంతల్లో నీళ్లు నిలిచి ఉంటాయి."

"నిలవనివ్వండి" అని లేచారు.

కొత్త లెక్క కట్టడం చాలా సులువైంది. వెనకటి వెంట్రుకనే మళ్లీ తీసుకుని నాలుగుగా చీల్చాను. పన్నెండు వందల యాభై నాలుగింతలైంది. అయిదు వేలు, ఒక్క ఏడాది తేడా లేకుండా.

యజ్ఞశాల పూర్తిగా కనబడాలంటే చివరి వరస మొత్తం బయటపడాలనీ, అంటే మస్తాను ఇల్లు తీసెయ్యాలనీ నాకు ఆ తరవాత తెలిసింది. తరవాత అని రాశాను. కొట్టేస్తున్నాను. ముందే తెలుసు. బేరమాడుతున్నప్పుడే కిటికీలోంచి ఆ ఇంటి పెంకులు కనబడుతూనే ఉన్నాయి. కొలతలు చూసి బతికేవాడికి ఒక వరస ఎక్కడ ఆగుతుందో తెలియదా?

ప్రకటన చేసే రోజు పొద్దున్నే గుంతలన్నీ కడిగించారు. చివరి గుంత నేనే కడుగుతానని అడిగి తీసుకున్నాను. అది పెద్దాయన భక్తి అనుకున్నారు సంఘంవాళ్లు. వేలు పెట్టి మట్టి తీశాను. మేకు అక్కడే ఉంది. తుప్పు పట్టినా నంబరు చదవడానికి వస్తోంది. మూడు ఇంగ్లీషు అంకెలు. అంకెలను చూసి నేను భయపడింది జీవితంలో అప్పుడొక్కసారే. గబగబా మట్టి కూరి, పైన నీళ్లు చల్లి, దాని మీద కుడికాలు పెట్టి నిలబడ్డాను.

జనం చేరారు. ఈల మోగింది. నా మెడలో దండ పడింది. నన్ను గణక శిరోమణి అన్నారు. నాలుగో తరగతి చదివినవాణ్ణి. ఆ మాట చెవిన పడగానే నా వెన్ను దానంతటదే నిటారైంది. కుర్చీ వేశారు. కూర్చోమన్నారు. కాలు తీయాల్సి వస్తుందని నిలబడే ఉన్నాను. అది వినయమనుకున్నారు.

అప్పుడు మస్తాను గడప దిగి వచ్చాడు. చేతిలో ఏమీ లేదు. ఉలి కూడా లేదు.

"అయ్యా, గీ గుంతలు నేను కొట్టిన" అన్నాడు.

జనం గొల్లున నవ్వారు. ఎవరో వెనక నుంచి, "అయిదు వేల ఏళ్ల ముసలోడు గిట్ల నడుస్తుండేందిరా!" అన్నారు. ఇంకా నవ్వారు.

"నవ్వుర్రి. గా కడ గుంతల మేకు ఇరికింది. దాని మీద ఇంగ్లీష్ నంబర్ సుత ఉన్నది. జెర తీసి చూడుర్రి." ఇలా అని నా వైపు తిరిగాడు. "ఒరే హిసాబ్. కాలు తియ్యిరా."

అందరూ నా వైపు చూశారు. డ్రిల్లు మాస్టారు చెయ్యెత్తి జనాన్ని ఆపారు. "ఆయన తటస్థులు. ఆయన మాటే ప్రమాణం" అన్నారు.

నేను, "ఏ కాలు?" అన్నాను.

"నీకు ఎన్ని కాళ్లున్నయిరా? లెక్కపెట్టుకో. హిసాబ్ సాబ్వి కద."

"తిమ్మిరెక్కింది మస్తానూ. కదపలేకపోతున్నాను."

జనం మళ్లీ నవ్వారు. మస్తాను నవ్వలేదు. మోసపోకముందు మనిషి ముఖం ఎలా ఉంటుందో, తరవాత ఎలా ఉంటుందో చాలామంది చూసి ఉంటారు. మధ్యలో ఎలా ఉంటుందో నేను చూశాను. దుంగల వెనక పిల్లల నోళ్లు మూసి కూర్చున్నప్పుడు కూడా అతని ముఖంలో నామీద నమ్మకం ఉండేది. అది మెల్లగా లోపలికి వెళ్లిపోయింది.

"సరె. తిమ్మిరి దిగినంక తియ్యి" అన్నాడు.

నేను జనం వైపు తిరిగి, అయిదు వేల ఏళ్లు అన్నాను. ఈల మోగింది.

మస్తానును ఎవరూ కొట్టలేదు. ఇది నా తరఫున చెప్పుకోవడం లేదు. కొట్టి ఉంటే, తప్పు కొట్టినవాళ్లదని ఎవరో ఒకరు అనేవారు. రోజూ నలుగురైదుగురు వచ్చి పవిత్ర స్థలంలో వంట చేస్తున్నారేమని అడిగేవారు, అంతే. అతనే తలుపు చట్రం ఊడదీసుకుని, పెంకులు దించుకుని లాలాగూడ వెళ్లిపోయాడు. బండి కట్టినప్పుడు దూలాలకు తాళ్లు నేనే బిగించాను. సాయం చేస్తున్నట్టు! ఆ సాయాన్ని కూడా ఈ ఒప్పుకోలులోనే వేసుకోండి. రాతిపని లేక ఇప్పుడతను వీధులు తిరుగుతాడు. నునుపు తేలిన రోళ్లకూ విసుర్రాళ్లకూ ఉలితో మళ్లీ కక్కు కొట్టి గరుకు చేసే పని.

ఇల్లు పోయింది. యజ్ఞశాల రాలేదు. అధ్యక్షుడెవరన్న దగ్గర సంఘం చీలి రెండు ఈలలయ్యాయి. ఆ తరవాత డ్రిల్లు మాస్టారుకు ఇంకో ఊరికి బదిలీ అయింది. ఇల్లున్న చోట ఇప్పుడు గేదెలు పడుకుంటాయి. అయిదు వేల ఏళ్ల నాటి స్థలమని రాసిన చెక్క ఒకటి మిగిలింది. అది మా అడితి చెక్కే. దాని కొలత కూడా నేనే ఇచ్చాను.

ఏడాదికి ఒకసారి మస్తాను మా ఇంటికి వస్తాడు. మా ఆవిడ రోలుకు కక్కు కొట్టడానికి. నేనుంటే నన్ను చూసి ఒకటే అడుగుతాడు. "కాలు ఎట్లున్నది, హిసాబ్ సాబ్? తిమ్మిరి దిగిందా?" వెనక ఒరే అనేవాడు. ఇప్పుడు సాబ్ అంటాడు. మా ఆవిడకు ఏమీ తెలియదు. మొదటిసారి విన్నప్పుడు, "ఏం తిమ్మిరి? నాకు చెప్పనే లేదు!" అని కంగారు పడింది. ఆ సాయంత్రం నుంచి నా కుడికాలికి నువ్వులనూనె రాస్తోంది. ఆవిడకు నిజం చెప్పలేక, లేని నొప్పికి ఎనిమిదేళ్లుగా కాలు చాపుతున్నాను. ఇంత మెత్తటి శిక్షను ఎవరు భరించగలరు? ఎక్కువ నొప్పిగా ఉందా అని అడుగుతుంది. ఉందంటాను. అది అబద్ధం కాదు.

ఇదంతా ఇప్పుడెందుకు రాస్తున్నానంటే, పోయిన నెల ఇద్దరు కుర్రవాళ్లు వచ్చారు. హైదరాబాదు రాష్ట్రాన్ని విడదీసి భాషల ప్రకారం పంచుతున్నారు కదా. ఆ గుంతలు తొలిచిన ప్రాచీనులు ఏ భాష మాట్లాడేవారో లెక్క కట్టి చెప్పమన్నారు. ఈ నేల మొదట ఎవరిదో దానితో తేలిపోతుందట. ఇద్దరికీ రెండు వేర్వేరు జవాబులు కావాలి. నా ముందే కాలర్లు పట్టుకోబోయారు. వాళ్లను చూస్తుంటే ఈసారి ఎవరి ఇంటి పెంకులు దిగుతాయోనని నాకు భయమేసింది.

ఆ ప్రాచీనులు ఏ భాష మాట్లాడేవారో నాకు బాగా తెలుసు. సగం తెలుగు, సగం ఉర్దూ మాట్లాడేవారు. తిట్లు మాత్రం ఇంగ్లీషులో పడేవి. అదే చెప్పాను. మొత్తం చెప్పాను. పటాలం, తాడు, వాన, మస్తాను. నోరు తెరిచి విన్నారు. ఆ గుంతలకు నలభై ఏళ్లు, అంతే అన్నాను.

"ఆధారం ఉందా పెద్దాయనా?" అన్నాడు ఒకడు.

వెంట్రుకను నాలుగుగా చీల్చి అయిదు వేలన్నప్పుడు ఏ ఒక్కరూ ఆధారం అడగలేదు. నిజం చెప్పిన మొదటిరోజునే అడిగారు. మేకు సంగతి చెప్పి, బండ దగ్గరికి రమ్మన్నాను. ఎండగా ఉందన్నారు. వెళుతూ వెళుతూ, పాపం వయసు మీద పడి మతి తప్పిందని ఒకడు అంటే రెండోవాడు ఒప్పుకున్నాడు. వాళ్లిద్దరూ ఏకాభిప్రాయానికి వచ్చింది ఆ ఒక్క విషయం మీదే.

పోయిన వారం మస్తాను వచ్చాడు. రోలు ముందు కూర్చున్నాడు. మా ఆవిడ చాయ్ పెట్టడానికి లోపలికి వెళ్లింది. జరిగిందంతా రాయబోతున్నానని చెప్పాను. ఉలి ఆపలేదు.

"రాస్తే ఇల్లు లేస్తదా?"

"లేవదు."

"మరింక నాకెందుకు చెప్తున్నవ్? జెర జరుగు, రాతిముక్కలు కండ్లల్ల పడ్తయి."

జరిగాను. చాయ్ వచ్చింది. తాగకుండానే వెళ్లాడు. వెళ్లేటప్పుడు కాలు ఎలా ఉందని అడగలేదు. అది క్షమించడమో, అడగడానికి కూడా విసుగెత్తడమో నాకు తెలియదు. రెండోదే అయి ఉంటుంది. నా మేలు కోసం ఈ లెక్కను కింద నుంచి పైకి కట్టదలచుకోలేదు.

మర్నాడు పొద్దున చర్చికి వెళ్లకుండా బండ ఎక్కాను. గేదెలను అదిలించి, ఇంట్లోంచి తెచ్చిన గరిటెతో చివరి గుంతలో మట్టి తోడాను. మేకు ఉంది. మూడు అంకెలూ ఉన్నాయి. మళ్లీ మట్టి వేయలేదు. చెక్క పీకేద్దామనుకున్నాను. నా బలానికి రాలేదు. అది ఎంత లోతు పాతాలో చెప్పింది కూడా నేనే.

ఆ బండ మీది గుంతలకు నలభై ఏళ్లు. తొలిచింది మస్తాను. కొలిచింది నేను. చివరి వరస నక్షత్రాల వల్ల వంకర పోలేదు, తడిసిన తాడు వల్ల పోయింది. ఇల్లు నావల్ల పోయింది. నమ్మకపోతే మీరే వెళ్లి చూడండి. కార్ఖానాలో కలప అడితి వెనక, గేదెలు పడుకునే వైపు, వరసకు జానెడు లోపలగా ఒక గుంత ఉంటుంది. దాని మీద ఇప్పుడు నా కాలు లేదు.